కేబుల్ రెండో కొస

"గురువుగారూ, కాస్త మొహం కడుక్కుని రండి. మిమ్మల్ని చూస్తే నాకే ఆవలింతలొస్తున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కానిస్టేబుళ్ళిద్దరూ కిసుక్కున నవ్వారు. డిటెక్టివ్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నంతకాలం అందరూ అతన్ని నిద్రమొహం అనే పిలిచారు. ఆ ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టి ఏళ్ళు గడిచినా పేరు మాత్రం వదల్లేదు. సగం వాలిన రెప్పలు, కళ్ళ కింద సంచులు పుట్టుకతో వచ్చినవి. వాటికిప్పుడు మోకాళ్ళ నొప్పులు తోడయ్యాయి. ఎదురుగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న ఈ పెద్దమనిషి ఒకప్పుడు అతని దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ 'గురువుగారూ'లో గౌరవమెంతో, వెటకారమెంతో తేల్చుకునే ఓపిక డిటెక్టివ్‌కి ఈ రోజు లేదు.

"కుర్రాడితో ఒకసారి మాట్లాడతాను," అన్నాడు.

"ఎన్నిసార్లైనా మాట్లాడండి. గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. ఈ రోజే అరెస్టు చూపించి సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడుతున్నా. ఆ తర్వాత మీకూ శ్రమ తగ్గుతుంది, నాకూ తగ్గుతుంది."

"అంత ఖాయమా?"

"ఖాయం కాక? వినండి. మందుల ఫ్యాక్టరీలో ఆదివారం కరెంటు ఆపి బోర్డు రిపేరు పెట్టుకున్నారు. చనిపోయినాయన అక్కడ సీనియర్ ఎలక్ట్రీషియన్. లైసెన్సు ఉన్నవాడు, పద్ధతి తెలిసినవాడు. మెయిన్ స్విచ్ దించాడు, హ్యాండిల్‌కి తన తాళం వేశాడు. అక్కడి రూలు అది. ఎవరు పనిచేస్తే వాళ్ళ తాళం. దానికి ఒక్కటే చెవి, అది వాళ్ళ జేబులోనే. శవం జేబులో చెవి ఉంది. స్విచ్‌కి తాళం వేసింది వేసినట్టే ఉంది. అయినా మనిషి షాక్ కొట్టి పోయాడు. అంటే ఏంటి? ఎవడో తాళం తీసి, స్విచ్ ఎత్తి, ఆయన పోయాక మళ్ళీ దించి తాళం పెట్టేశాడు. అలా చెయ్యాలంటే రెండో చెవి ఉండాలి. అది ఎవరి టూల్ బ్యాగులో దొరికింది? బావమరిది బ్యాగులో! ముందురోజే ఆ చెవి బావ కంటపడింది. 'నా ప్రాణానికి వేసే తాళం చెవి నీ దగ్గరేంట్రా' అని క్యాంటీన్లో అందరి ముందూ దులిపేశాడు. ఇంకేం కావాలి మీకు? నేను వచ్చి స్విచ్ ఎత్తి చూపించాలా?"

"వద్దులే," అన్నాడు డిటెక్టివ్, కుర్చీ చేతులు పట్టుకుని లేస్తూ.

ఈ కేసు అతను డబ్బు కోసం పట్టింది కాదు. చనిపోయినతని భార్య రెండిళ్ళ అవతల ఉంటుంది. భర్తా, తమ్ముడూ, తనూ ముగ్గురూ ఆ ఫ్యాక్టరీలోనే పని. వాళ్ళిద్దరూ కరెంటు మనుషులు, ఆమె ల్యాబ్‌లో సహాయకురాలు. భర్త పోయిన మర్నాడే తమ్ముణ్ణి పట్టుకుపోయారు. ఆ సాయంత్రం ఆమె డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడి, ఏడవకుండా, పాలవాడితో లెక్క మాట్లాడినట్టు మాట్లాడింది.

"బాబాయిగారూ, మా తమ్ముడు చేశాడో లేదో మీరు చెప్పాలి. చేసుంటే నాకు తమ్ముడు లేడనుకుంటా. చెయ్యకపోతే వాణ్ణి ఇంటికి తెచ్చుకుంటా. ఏదో ఒకటి తెలియకుండా నేను అన్నం తినలేను."

ఆ మాటకు అతని భార్య లోపలినుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇక కాదనడానికి ఏముంది? ఈ రోజు కూడా ఆమె పొద్దుటినుంచి స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చునే ఉంది. పొమ్మన్నా పోవడం లేదు.

లాకప్‌లో కుర్రాడు గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు ఇంకా అలాగే ఉంది.

"మీ అక్క బయటే కూర్చుంది," అన్నాడు డిటెక్టివ్.

తల చటుక్కున లేచింది. "ఇంటికి పంపించెయ్యండి సార్."

"నువ్వు చేశావో లేదో తెలిస్తేగాని కదలదట."

తల మళ్ళీ వాలిపోయింది.

"ఆ రెండో చెవి మీ అక్కే చేయించి నీకిచ్చింది. నాకు చెప్పింది. మీ బావ చెవులు ఎక్కడపడితే అక్కడ పారేసుకుంటాడు, తాళం కోయించిన ప్రతిసారీ మేనేజరు చేత మాటలు పడతాడు. అందుకని ఒకటి నీ దగ్గర ఉంచమంది. అవునా?"

"అక్కని ఇందులోకి లాగకండి."

"లాగడమేంటయ్యా? ఆ మాట పోలీసులకి చెబితే నీకే మంచిది."

"నాకేం మంచి అక్కర్లేదు."

డిటెక్టివ్ నిట్టూర్చి నేలమీదే కూలబడ్డాడు. నిలబడి ప్రశ్నలు వేసే వయసు దాటిపోయింది. "సరే. ఇంకోటి చెప్పు. మీ బావ పడిపోయాక ముందు చూసింది నువ్వే. చూసి పరిగెత్తావు. గేటు దగ్గర అంబులెన్సు ఉంటే, నువ్వు పరిగెత్తింది వెనక బిల్డింగు వైపు. సెక్యూరిటీ అతను చూశాడు. ఎందుకు?"

కుర్రాడి కళ్ళలో భయం కనిపించింది. డిటెక్టివ్ ముప్పై ఏళ్ళుగా రకరకాల భయాలు చూశాడు. దొరికిపోయినవాడి భయం వేరు. ఇది మరేదో.

"గుర్తులేదు," అన్నాడు కుర్రాడు. ఆ తర్వాత ఏమడిగినా అదే మాట.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర గూళ్ళ నిండా సెల్‌ఫోన్లు. లోపలికెళ్ళే ప్రతివాళ్ళూ ఫోను గూట్లో పెట్టి వెళ్ళాలి. "మీరు స్టాఫ్ కాదుగా సార్, ఉంచుకోండి," అని సెక్యూరిటీ అతను డిటెక్టివ్‌ని వదిలేశాడు.

మెయింటెనెన్స్ మేనేజరు ఎదురొచ్చి తీసుకెళ్ళాడు. మనిషి నిలకడగా లేడు. నడుస్తూనే చెమట తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూనే మాట్లాడుతున్నాడు.

"పొద్దున్నే పోలీసువాళ్ళు సీలు తీశారండీ. ఇంకా ఈ సెక్షన్ మొత్తం చీకట్లోనే ఉంది. భోజనాల తర్వాత కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్లు వచ్చి మిగతా కేబుళ్ళు బిగించేస్తారు. మీరు చూసేదేదో తొందరగా చూసెయ్యండి. నాలుగు రోజులుగా లైను ఆగిపోయి నా ప్రాణం తోడేస్తున్నారు పైవాళ్ళు."

"పోయింది మీ ప్రాణం కాదుగా," అన్నాడు డిటెక్టివ్. మేనేజరు మొహం మాడ్చుకుని టార్చి వేశాడు.

బోర్డు గదిలో మనిషెత్తు ఇనుప బీరువాలు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిది మెయిన్. దాని హ్యాండిల్ కిందికి దించి ఉంది. మూడో దాని తలుపు తెరిచి ఉంది. ఆయన పడిపోయింది దాని ముందే. లోపల అడ్డంగా మందపాటి రాగి పట్టీలు. కిందినుంచి నల్లటి కేబుళ్ళు పైకొచ్చి ఆ పట్టీలకి బోల్టులతో బిగించి ఉన్నాయి. ఒక్క కేబుల్ మాత్రం విడిగా, పక్కకి వంగి ఉంది. దాని చివర బొటనవేలంత రాగి లగ్గు, మధ్యలో బోల్టు పట్టే గుండ్రటి బెజ్జం.

డిటెక్టివ్ జేబులోంచి పోస్ట్‌మార్టం కాగితం తీశాడు. ఎడమ అరచేతిలో కాలిన గాయం. చుట్టూ కాలి, మధ్యలో గుండ్రంగా చర్మం కాలకుండా మిగిలింది. అతను కాగితం కేసి చూసి, లగ్గు కేసి చూసి, దాన్ని వేలితో తడిమాడు. అంచున నల్లగా చిన్న గుంట పడి ఉంది.

"ఆయన పట్టుకుంది దీన్నే," అన్నాడు.

"అయ్యుంటుందండీ."

"ఇది దేనికీ తగిలి లేదు కదా?"

"పడిపోతున్నప్పుడు ఊడొచ్చి ఉంటుంది."

"ఊడొచ్చిందా? బోల్టు, నట్టు, వాషరు తీరుగా ఈ డబ్బా మూతలో పెట్టి ఉన్నాయి. పక్కన గరుకు కాగితం ముక్క. విప్పి, చేత్తో పట్టుకుని, శుభ్రం చేస్తున్నాడు. మేనేజరు గారూ, నాకు కరెంటు గురించి ఏమీ రాదు. మా ఇంట్లో ఫ్యాను ఆగితే ఈ పోయినాయనే వచ్చి బాగుచేసేవాడు. అందుకని తెలివితక్కువ ప్రశ్న అడుగుతున్నా, ఏమనుకోకండి. మెయిన్ స్విచ్ ఎత్తితే కరెంటు ఎక్కడికొస్తుంది?"

"ఆ పట్టీల్లోకి."

"పట్టీలనుంచి విప్పేసిన ఈ కేబుల్లోకి ఎలా వస్తుంది?"

మేనేజరు టార్చి ఆ కేబుల్ మొదలు మీదికి తిప్పాడు.

"రాదండీ," అన్నాడు చివరికి.

"అయితే ఈ కరెంటు స్విచ్ వైపునుంచి రాలేదు. కేబుల్ రెండో కొసనుంచి వచ్చింది. ఆ కొస ఎక్కడుంది?"

"వెనక బిల్డింగులో. ల్యాబ్."

వెనక బిల్డింగు. కుర్రాడు పరిగెత్తిన వైపు. ల్యాబ్‌లో ఎవరు పనిచేస్తారో డిటెక్టివ్‌కి వేరే చెప్పాల్సిన పనిలేదు.

ల్యాబ్‌లో ఉన్నది ఒక్క అమ్మాయే. కొత్తగా చేరిందట, అక్క సెలవులో ఉంది కాబట్టి తనే చూసుకుంటోందట. మేనేజర్ని గుమ్మం బయటే ఉండమని డిటెక్టివ్ లోపలికి వెళ్ళాడు. శాంపిల్స్ పెట్టే ఫ్రిజ్ ఖాళీగా ఉంది. వెనక వరండాలో చిన్న జనరేటరు. దాని దగ్గర చుట్టచుట్టిన వైరు, దానికి రెండు కొసలకీ ప్లగ్గులు.

"ఇది ఎలా వేస్తావమ్మా?"

"అక్క నేర్పింది సార్. కరెంటు పోతే ముందు ఈ పెట్టెలో స్విచ్ దించాలి. అది దించితే మా ల్యాబ్‌కీ ఫ్యాక్టరీకీ సంబంధం ఉండదు. ఆ తర్వాత జనరేటర్ ఆన్ చేసి, ఒక ప్లగ్గు దానికి, రెండోది గోడకున్న సాకెట్‌కి. స్విచ్ దించకుండా ప్లగ్గు పెట్టావో చంపేస్తానని చెప్పింది అక్క. ఒకటికి పదిసార్లు చెప్పింది."

"ఆదివారం వేసిందా?"

"వేసింది సార్. శాంపిల్స్ వేడెక్కుతున్నాయి, జనరేటర్ వేసెయ్యమని మేనేజరు గారు ఫోన్ చేశారు. కాసేపటికి అదే ఆగిపోయింది. అంతలోనే ఆ కబురు..." ఆ పిల్ల గోడకున్న పెట్టె వైపు చెయ్యి చూపించింది. "ఆ రోజునుంచి ఈ పెట్టె ఎవరూ ముట్టుకోలేదు. శాంపిల్స్ వేరే బ్లాకుకి పంపించేశాం."

మేనేజరు ఫోన్ చేశాడు! ఆ సంగతి ఆయన నోటినుంచి రాలేదే. డిటెక్టివ్ గోడపెట్టె తలుపు తీశాడు. లోపల ఒక స్విచ్. హ్యాండిల్ కిందికే ఉంది. దాని పక్కనుంచి జానెడు ఎర్ర తీగ, స్విచ్ పైన ఒక మరలో మొదలై కింద మరో మరలో ముగుస్తోంది. రెండు చివర్లకీ పసుపు రంగు తొడుగులు. అక్కడ ఆ తీగ ఉండాలో అక్కర్లేదో అతనికి తెలియదు. అడుగుదామని గుమ్మం వైపు చూస్తే మేనేజరు మెడ సాచి లోపలికి తొంగి చూస్తున్నాడు. అనుమానం ఉన్న మనిషినే అడిగి జాగ్రత్తపడనివ్వడం ఎందుకని, గప్‌చుప్‌గా ఫోటో తీసుకుని తలుపు మూసేశాడు. తన వృత్తిలో అది తెలివే. ఆ తెలివి ఎంతపని చెయ్యబోయిందో అతనికి ఇంకో గంటకుగాని అర్థం కాలేదు.

*

"కుళాయి కట్టేశాక నీళ్ళొచ్చాయంటే, కట్టేసిన కుళాయిని ఎవడో తిప్పాడనే అనుకున్నావు నువ్వు. గొట్టం రెండో వైపు చూడలేదు," అన్నాడు డిటెక్టివ్ స్టేషన్లో ఇన్‌స్పెక్టరు బల్లమీద కాగితం పరిచి. "ఇదిగో అరచేతిలో గాయం. ఇది విప్పేసిన కొస గుర్తు. నీ తాళం కథ చెల్లదు."

ఇన్‌స్పెక్టరు కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు. ఒప్పుకోవడం అతనికి ఎప్పుడూ రాదు. "సరే గురువుగారూ, రెండో వైపునుంచే వచ్చిందనుకుందాం. పంపినవాడెవడు? పేరు చెప్పండి, ఈ క్షణమే కుర్రాణ్ణి వదిలేస్తా. పేరు లేకుండా వదిలితే నా ఉద్యోగం ఊడుతుంది. మీకైతే పోయేదేం లేదు, ఇంటికెళ్ళి పడుకుంటారు."

"పడుకునే రాతే ఉంటే ఇక్కడికెందుకొస్తాను?" అని డిటెక్టివ్ లాకప్ వైపు నడిచాడు. పేరు నోటిదాకా వచ్చింది. ఆ పేరుగల మనిషి పది అడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని ఉంది. తమ్ముడు నిర్దోషి అని ఆమెకి చెప్పాలంటే, ప్లగ్గు ఎవరు పెట్టారో కూడా చెప్పాలి. ఏం మొహం పెట్టుకుని చెబుతాడు?

ఊచల దగ్గర గొంతు తగ్గించాడు. "నువ్వెందుకు మాట్లాడవో తెలిసింది. ఆ కొస చూడగానే నీకు అర్థమైంది. ల్యాబ్‌కి పరిగెత్తి ప్లగ్గు పీకేశావు. జనరేటర్ ఆపేశావు. మీ అక్క స్విచ్ దించడం మరిచిపోయిందనుకున్నావు."

కుర్రాడు లేచొచ్చి రెండు చేతులతో ఊచలు పట్టుకున్నాడు. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటా. నేనే చేశానని రాసుకోండి. ఎవరైనా మరిచిపోతారు సార్, మనిషన్నాక మరిచిపోరా? అక్కకి తెలియనివ్వకండి. నేను చంపానంటే నన్ను తిట్టుకుంటూనైనా బతుకుతుంది. తన చేత్తోనే పోయాడని తెలిస్తే అక్క బతకదు."

డిటెక్టివ్ ఫోను తీసి ఫోటో చూపించాడు. "మీ అక్క మరిచిపోలేదు. చూడు. స్విచ్ దించే ఉంది."

కుర్రాడు ఫోను లాక్కున్నంత పని చేశాడు. వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. చూస్తున్నకొద్దీ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఈ తీగ ఎక్కడిది?"

"అదే నిన్ను అడుగుదామని వచ్చాను. అది ఉండాలా, ఉండకూడదా?"

"ఉండకూడదు సార్! తలుపు వేశాం, కానీ పక్కన గోడకి కన్నం ఉందనుకోండి. అలాగన్నమాట ఇది. స్విచ్ దించినా కరెంటు ఈ తీగలోంచి దర్జాగా వెళ్ళిపోతుంది."

"అయితే మేనేజరు కట్టించాడంటావా?"

"మేనేజరు కాదు." కుర్రాడు ఊచకి నుదురు ఆనించాడు. "ఇది బావ చెయ్యి."

"ఎలా చెప్పగలవు?"

"ఆ పసుపు తొడుగులు చూడండి. టెంపరరీ పనికి మేమెవరం తొడుగు వెయ్యం. తీగ మెలిపెట్టి వదిలేస్తాం. బావ ఒక్కడే, ఒక్కపూట ఉండే తీగకైనా రెండు వైపులా తొడుగు వేసి కట్టేవాడు. ఆ స్విచ్ పాతది, ఊరికే దానంతటదే పడి ల్యాబ్‌కి కరెంటు పోతోంది. అక్కకి నెలరోజులుగా అదే గొడవ. కొత్త స్విచ్ వచ్చేదాకా అని కట్టేసి ఉంటాడు సార్. అది డ్యూటీలో చేసిన పని కాదు. ఇంట్లో పెళ్ళాం అడిగితే బల్బు మార్చినట్టు చేశాడు. అందుకే ఆదివారం బోర్డు ముందు నిలబడ్డప్పుడు గుర్తుకొచ్చి ఉండదు. మెయిన్‌కి తాళం వేశాడు, టెస్టర్ పెట్టి చూశాడు, అన్నీ చేశాడు. ఇదొక్కటే..."

మాట తెగిపోయింది. కుర్రాడు తల ఎత్తాడు. గొంతు పూర్తిగా మారిపోయింది.

"సార్, ఆ తీగ తీసేశారా?"

"నేనెందుకు తీస్తాను? ఉంది."

"బోర్డు దగ్గర ఈ రోజు పనేమైనా పెట్టారా?"

"భోజనాలయ్యాక కాంట్రాక్టువాళ్ళు వచ్చి కేబుళ్ళు..." డిటెక్టివ్ అక్కడే ఆగిపోయాడు. ఇందాక తను ఒట్టి వేలితో తడిమిన రాగి ముక్క గుర్తొచ్చింది.

"శాంపిల్స్ ఆదివారమే వేరే బ్లాకుకి మార్చారు సార్, అక్కడి ఫ్రిజ్ చిన్నది, ఎన్నాళ్ళు ఉంచుతారు? కేబుల్ బిగించేలోపు ఇక్కడ చల్లబరిచి పెట్టమంటాడు మేనేజరు. ఆ పిల్ల జనరేటర్ వేస్తుంది! స్విచ్ దించే ఉంది కదా అని ప్లగ్గు పెట్టేస్తుంది! అటువైపు ఎవడో ఆ కొస చేత్తో పట్టుకుని ఉంటాడు! ఫోన్ చెయ్యండి సార్, ఫోన్ చెయ్యండి!"

ఆ అరుపుకి ఇన్‌స్పెక్టరు పరిగెత్తుకొచ్చాడు. సగం విన్నాడో, మొత్తం విన్నాడో, ఎదురుప్రశ్న మాత్రం వెయ్యలేదు. మేనేజరు నంబరు కొట్టాడు. అది మోగుతూనే ఉంది. మోగదా మరి, గేటు దగ్గర గూట్లో కదా ఉంది! గేటు నంబరు కొట్టాడు. ఎంగేజ్. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎంగేజ్. "జీపు తియ్యండ్రా!" అని కేక పెట్టాడు గాని, ఫ్యాక్టరీకి జీపులో ఎంతసేపు పడుతుందో అక్కడందరికీ తెలుసు.

"ల్యాబ్‌కి నేరుగా నంబరుంది!" అన్నాడు కుర్రాడు. "నాకు రాదు. అక్కకి నోటికి వచ్చు."

ఫ్యాక్టరీనుంచి వచ్చినప్పటినుంచీ డిటెక్టివ్ ఆ మాట ఆమెకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. మెల్లగా చెప్పాలనుకున్నాడు, తన భార్యను పక్కన కూర్చోబెట్టి చెప్పించాలనుకున్నాడు. ఇప్పుడు ఆ వ్యవధి లేదు. మోకాళ్ళ సంగతి మరిచి వరండాలోకి ఉరికి ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మా, ల్యాబ్‌కి చెయ్యి. ఆ పిల్లని ప్లగ్గు పెట్టవద్దని చెప్పు. స్విచ్ దించినా సరే, పెట్టవద్దని చెప్పు. పెడితే బోర్డు దగ్గర మనిషి పోతాడు."

ఆమె ఎందుకని అడగలేదు. కళ్ళు మూసుకుని నంబరు నొక్కింది. మోగుతోంది. బెంచీ అంచుని ఆమె వేళ్ళు తెల్లబడేంతగా పట్టుకున్నాయి.

"అమ్మాయీ, నేనే. జనరేటర్ వేశావా? వినిపిస్తోందిలే మోత... ప్లగ్గు పెట్టావా? పెట్టలేదు కదా? కింద పెట్టెయ్. చేతిలోది కింద పెట్టెయ్ తల్లీ... దించావు, సరే. దించినా వెళ్తుందట. నా మాట విను. ముందు జనరేటర్ ఆపు. ఆపి రా, నేను లైన్లోనే ఉంటా... ఆపావా? ఇప్పుడు పరిగెత్తి బోర్డు గదిలో వాళ్ళని బయటికి పిలువు. నేను చెప్పానను. పో, పరిగెత్తు."

ఫోను దించింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో కాస్త వెలుగొచ్చింది. "పెట్టలేదు బాబాయిగారూ. పెట్టబోతోందట. సరిగ్గా సమయానికి..."

ఆ వెలుగు అలాగే నిలిచిపోయి, కొద్దికొద్దిగా ఆరిపోయింది. ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

"దించినా వెళ్తుందా?" అంది. ఆ చేతినే చూస్తూ, "నేనూ దించాను," అంది.

డిటెక్టివ్ అబద్ధం చెప్పగలడు. ఈ వృత్తిలో ఎంతమందికి ఎన్ని చెప్పలేదు? కానీ ఆమె అడిగింది నిజం, అడిగింది తనని. "దించావమ్మా," అన్నాడు. "నేను చూశాను. దించే ఉంది. నీ పొరపాటేం లేదు. స్విచ్ పక్కన ఒక తీగ ఉంది..."

"పడకుండా కట్టారు," అంది ఆమె. "శుక్రవారం. స్టూలు నేనే పట్టుకున్నా. స్విచ్ మాటిమాటికీ పడి శాంపిల్స్ పోతున్నాయి, నాకు తిట్లు పడుతున్నాయి, ఏదో ఒకటి చెయ్యండి అని ప్రాణం తీశాను. అన్నానికి కూడా వెళ్ళకుండా వచ్చి చేశారు. 'ఇక పడదులే, ఏడవకు' అన్నారు."

లోపల లాకప్‌లో కుర్రాడు మొహం గోడకి తిప్పుకుని, వెక్కిళ్ళు వినపడకుండా చొక్కా కొరుక్కుంటున్నాడు. ఆమె లేచి, తూలకుండా లోపలికి నడిచి, ఊచల ముందు నిలబడింది.

"ఒరేయ్, ఇటు చూడు. నీకు ముందే తెలుసా?"

వాడు తల ఊపాడు.

"తెలిసీ నోరు విప్పకుండా, ఆ నేరం నీ నెత్తిన వేసుకుందామనుకున్నావా? వెధవా! ఆయన పోయాక నువ్వు కూడా పోతే నేను ఎవరి మొహం చూసి బతకాలనుకున్నావురా?" చెయ్యి లోపలికి పెట్టి వాడి జుట్టు పట్టుకుని గుంజింది. గుంజిన చెయ్యి తల మీదే ఉండిపోయింది. అలా ఉంచే ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "అయ్యా, వీణ్ణి వదిలెయ్యండి. ప్లగ్గు పెట్టింది నేను. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. మూత తీసి, కాగితం మీద పెట్టి, రాయకుండా ఆగిపోయాడు. టేబుల్ మీద ఫోను మోగింది. గేటునుంచి. బోర్డు గదిలోంచి ఇద్దరినీ బయటికి తెచ్చామని, ఒకడి చేతిలో అప్పటికే ఆ కొస ఉందని చెప్పారు. ఫోను పెట్టేసి అతను డిటెక్టివ్ కేసి చూశాడు. వెటకారం ఎక్కడికి పోయిందో పోయింది.

"గురువుగారూ, ఏం రాయమంటారు?"

డిటెక్టివ్‌కి నిలబడే ఓపిక లేదు. ఒకర్ని బయటికి తేవడానికి వచ్చి ఇంకొకర్ని లోపలికి తోశాడా అని మనసు పీకుతోంది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు రాయి. తీగా, స్విచ్చూ, మేనేజరు చేసిన ఫోనూ, అన్నీ రాయి. కానీ అదంతా తర్వాత," అన్నాడు. "ముందు వాణ్ణి బయటికి పంపు. ఆమె పడిపోయేలా ఉంది, పట్టుకోవడానికి మనిషి కావాలి."